మెంతిపొడి, నేరేడు గింజలు, గ్లూకోమీటరు: తిరుపతిలో 27 వారాల కొలతల డైరీ

ఫిబ్రవరి మొదటి వారంలో చేయించుకున్న రక్తపరీక్షలో పరగడుపున 112, డెబ్బై అయిదు గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగిన రెండు గంటలకు 164, గడిచిన రెండు, మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బిఎ1సి 6.1 శాతం వచ్చాయి. ఈ డైరీలోని షుగరు అంకెలన్నీ డెసిలీటరు రక్తంలోని మిల్లీగ్రాముల లెక్క. పరగడుపున 100 నుంచి 125 వరకు, రెండు గంటల తర్వాత 140 నుంచి 199 వరకు, హెచ్‌బిఎ1సి 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందుస్థితిగా అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్కిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరగడుపు హద్దును 110 దగ్గర పెట్టింది. ఏ లెక్కన చూసినా నేను ముందుస్థితిలోనే ఉన్నాను. వయసు 47, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78.4 కిలోలు, నడుము 98 సెంటీమీటర్లు. అప్పటికి మందులేవీ వాడటం లేదు.

ఫలితం తెలిసిన వారంలోనే ఇంటికి నాలుగు రకాల సలహాలు వచ్చాయి: మెంతుల నీళ్లు, నేరేడు గింజల పొడి, కాకరకాయ రసం, వేగిస కర్రతో చేసిన గ్లాసులో రాత్రంతా నిలవ ఉంచిన నీళ్లు. డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్ర ప్రయోగశాల చూసుకునేవాణ్ణి కనుక వీటిలో ఒక్కొక్కదాన్నీ విడిగా కొలిచి చూడాలనుకున్నాను. డాక్టరుగారు ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు: ఒకసారి ఒక్కటే మార్చాలి, ఏది మార్చినా ఆయనకు చెప్పాలి. ఆ షరతును మూడో వారంలోనే తప్పాను. ఎలా తప్పానో దశ 2లో రాశాను. ఇవి ఒక్క మనిషి శరీరం మీది కొలతలు. ఇదే పని చేయాలనుకునేవారు నా అంకెలను కాక, కొలిచిన పద్ధతిని తీసుకోవాలని కోరుతున్నాను.

దశ 1: మొదట మీటరును కొలవడం (1–2 వారాలు)

పొడి ఏదీ నోట్లో వేసుకోకుండా రెండు వారాలు కొలతలే తీశాను. పరగడుపున పద్నాలుగు రోజులూ, రాత్రి భోజనం తర్వాత పది రోజులూ, పరికరం ఎంత నమ్మదగినదో చూడటానికి అదే వేలి నుంచి వెంటనే తీసిన రెండో కొలతలు పది. పరగడుపు అంకెలు 101 నుంచి 121 వరకు తిరిగాయి, సగటు 111. రాత్రి భోజనం మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు సగటు 158.

నన్ను ఆలోచనలో పడేసినవి ఆ పది జంట కొలతలే. ఒకరోజు ఉదయం మొదటి చుక్కకు 106, నిమిషం తిరగకముందే రెండో చుక్కకు 117 వచ్చింది. పరికరం చెడిపోయిందనుకుని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15197 ఏం చెబుతోందో చదివాను. నూరు లోపు అంకెల్లో 15 అటూ ఇటూ, నూరు, ఆపై అంకెల్లో 15 శాతం అటూ ఇటూ, ఈ హద్దుల్లో నూటికి 95 కొలతలు పడితే మీటరు సరైనదే. అంటే రక్తంలో నిజంగా 110 ఉన్నప్పుడు మీటరు 94 చూపినా, 126 చూపినా అది తప్పు కాదు. మొదటి అంకెను చూస్తే జబ్బే లేదనిపిస్తుంది, రెండో అంకెను చూస్తే మధుమేహం వచ్చేసిందనిపిస్తుంది. ఒక పొడి తాగిన మర్నాడు అంకె 112 నుంచి 103కి దిగితే పొడి పనిచేసిందని చెప్పుకునేవారిని నేను చాలామందిని చూశాను, నేనూ చెప్పుకున్నాను. ఆ తొమ్మిది అంకెల తేడా మీటరు స్వభావంలోనే ఉంది.

కాబట్టి ఈ నియమాలు పెట్టుకున్నాను:

1. ఒక్క కొలతను బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. కనీసం రెండు వారాల సగటును మరో రెండు వారాల సగటుతోనే పోల్చాలి.
2. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి ఆరబెట్టిన తర్వాతే సూది గుచ్చాలి.
3. వేలిని గట్టిగా పిండకూడదు. చెయ్యి కిందికి వేలాడదీస్తే చుక్క తనంతట వస్తుంది.
4. రెండు గంటల లెక్క మొదటి ముద్ద దగ్గర మొదలవుతుంది, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు.
5. నిద్ర, జ్వరం, ప్రయాణం, పెళ్లిభోజనం, ఏది ఉన్నా పక్కనే రాసుకోవాలి.

ఇప్పటివరకు: స్ట్రిప్పులు 34. ఖర్చు రూ. 3,750 (25 స్ట్రిప్పులతో మీటరు 1,150, 50 స్ట్రిప్పుల డబ్బా 1,050, పదోవంతు గ్రాము చూపే త్రాసు 650, ప్రయోగశాల పరీక్షలు 750, సూదులు 150).

దశ 2: పేరులేని చూర్ణం (3–4 వారాలు)

ఈ దశ గురించి రాయడానికే డైరీ బయటపెట్టాను అన్నా తప్పులేదు.

బంధువుల ఇంట్లో అందరూ వాడుతున్నారని ఒక షుగరు చూర్ణం తెచ్చుకున్నాను. నేరేడు గింజలు, పొడపత్రి, కాకర, తిప్పతీగ కలిపి కొట్టినదని అమ్మినవారు చెప్పారు. పాలిథిన్ సంచీలో అరకిలో, రూ. 350. తయారీ లైసెన్సు నంబరు లేదు, బ్యాచి నంబరు లేదు, గడువు తేదీ లేదు, ఏది ఎంత పాలు కలిపారో లేదు. నాలుగు వస్తువులు ఒకేసారి మొదలుపెట్టి డాక్టరుగారి షరతు తప్పాను, ఆయనకు చెప్పనూ లేదు. మోతాదు రోజుకు రెండు చెంచాలు అన్నారు. ఆ చెంచాను పదిసార్లు తూస్తే 3.1 గ్రాముల నుంచి 4.6 గ్రాముల వరకు వచ్చింది. చెంచాలెక్కన ఏ పొడి వాడినా ఒకరోజుకూ మరోరోజుకూ సగం మోతాదు తేడా రావచ్చని అప్పుడే అర్థమై, ఆ రోజు నుంచి ప్రతిదీ త్రాసు మీదే తూచాను.

అయిదో రోజుకు పరగడుపు 88. నేను సంతోషించాను. ఎనిమిదో రోజు 79. తొమ్మిదో రోజు పదకొండున్నరకు ప్రయోగశాలలో విద్యార్థులకు వర్నియర్ కాలిపర్స్ చూపిస్తుండగా చేతులు వణికాయి, వీపంతా చల్లని చెమట, కళ్లముందు అంకెలు కదిలాయి. మీటరులో 61. నా సహోద్యోగి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చారు. పావుగంటకు 74, మరో పావుగంటకు 92, గంట తర్వాత మళ్లీ 70. ఆ చివరి అంకెను చూసి నేరుగా డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇదే: "ఆ సంచీ మీద ఏం రాసుంది?" ఏమీ లేదన్నాను. ముందుస్థితిలో ఉన్న మనిషికి ఆకులు, గింజల పొడితో తొమ్మిది రోజుల్లో 61కి పడిపోవడం మామూలు సంగతి కాదనీ, పంచదార తాగాక కూడా అంకె మళ్లీ దిగడం క్లోమగ్రంథిని ఇన్సులిన్ విడుదల చేయమని తరిమే మాత్రల తీరులో ఉందనీ చెప్పారు. మూలికల పేరుతో అమ్మే పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ వంటి ఆ రకం మాత్రలు కలిపినట్టు వేర్వేరు దేశాల్లో ప్రయోగశాలలు పట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. నా సంచీలో అదే ఉందని నేను నిరూపించలేను, కనుక అలా అనను. ఏముందో తెలియని పొడి తిన్నానన్నది మాత్రం నిజం. రాత్రి నిద్రలో ఇదే జరిగి ఉంటే ఇంట్లోవాళ్లు గమనించేవారు కాదని నా భార్య అన్న మాట ఇప్పటికీ నన్ను వదలలేదు.

త్వరగా, బాగా దించే పొడిని మెచ్చుకోవడం మన అలవాటు. నా అనుభవంలో సరిగ్గా ఆ లక్షణమే ప్రమాదసూచిక. తిప్పతీగ విషయంలో మరో జాగ్రత్త కూడా డాక్టరుగారే చెప్పారు: 2021లో ముంబయి వైద్యులు అది వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు నివేదించారు; అదే జాతికి చెందిన మరో తీగను దీనిగా పొరబడటం ఇందుకు కారణం కావచ్చని ఆయుష్ (సంప్రదాయ వైద్య) వర్గాలు వాదించాయి. ఆ వాదం నిజమైనా, పొడిగా కొట్టిన తర్వాత ఏ తీగో గుర్తుపట్టే దారి కొనేవాడికి లేదు.

ఇప్పటివరకు: స్ట్రిప్పులు 65, ఖర్చు రూ. 4,100.

దశ 3: ఖాళీ (5–6 వారాలు)

అన్నీ ఆపేశాను. మూడో రోజుకే పరగడుపు 104, రెండు వారాల సగటు 110. మొదటి దశలోని 111కి తిరిగి వచ్చినట్టే. ఏ పొడి మార్చినా మధ్యలో ఇలాంటి ఖాళీ పెట్టకపోతే ముందుదాని ప్రభావం తర్వాతిదాని ఖాతాలో పడుతుంది.

ఇప్పటివరకు: స్ట్రిప్పులు 81, ఖర్చు రూ. 5,150.

దశ 4: మెంతులు మాత్రమే (7–15 వారాలు)

మెంతులను ముందుగా ఎంచుకోవడానికి కారణముంది. ఈ ముందుస్థితిలో ఉన్న 140 మంది మీద మూడేళ్లు సాగి 2015లో ప్రచురితమైన అధ్యయనంలో ఒక వర్గానికి భోజనానికి ముందు రోజుకు రెండుసార్లు 5 గ్రాముల మెంతిపొడి ఇచ్చారు. వాడనివారిలో మధుమేహంలోకి జారే అవకాశం నాలుగు రెట్లకు పైగా కనిపించింది. అంతకుముందు 1990లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఇన్సులిన్ మీద ఆధారపడిన రోగులకు రోజుకు 100 గ్రాముల నూనె తీసిన మెంతిపొడి ఇచ్చి చూశారు. పది గ్రాములు వేరు, వంద గ్రాములు వేరు. మెంతులు మంచివని ఊరికే చెప్పుకునేటప్పుడు ఈ తేడా ఎవరూ చెప్పరు. మెంతుల్లో గాలాక్టోమన్నన్ అనే జిగురు పీచు ఉంటుంది. అది నీళ్లు పీల్చి కడుపులో చిక్కబడి, పిండిపదార్థం గ్లూకోజుగా మారి రక్తంలోకి వెళ్లే వేగాన్ని తగ్గిస్తుంది. నేను వాడిన పద్ధతుల్లో రెండు ఈ ఒక్క విషయాన్ని పట్టించుకోకనే విఫలమయ్యాయి.

మొదటి వైఫల్యం, 7–8 వారాలు. అయిదు గ్రాముల మెంతులు రాత్రి 60 మిల్లీలీటర్ల నీళ్లలో నానబెట్టి, ఉదయం నీళ్లు తాగి గింజలు పారేశాను. నానిన గింజలు తూస్తే 12.4 గ్రాములు ఉన్నాయి. పీచు, అది పట్టుకున్న నీళ్లు అన్నీ చెత్తబుట్టలోకి పోతున్నాయి, చేదు రంగునీళ్లు మాత్రం నేను తాగుతున్నాను. పరగడుపు సగటు 109, మార్పు లేదు.

రెండో వైఫల్యం, 9–10 వారాలు. గింజలను మిక్సీలో పట్టి సన్నటి జల్లెడలో జల్లించి, మెత్తని పొడి మాత్రమే వాడాను. జల్లెడ మీద మిగిలిన గరుకు రవ్వ మొత్తంలో దాదాపు మూడోవంతు. దాన్ని పొట్టు అనుకుని పారేశాను. మెంతిగింజ లోపలి పప్పు పెళుసుగా ఉండి ముందే నలిగి పిండి అవుతుంది. జిగురుండే పొర గట్టిగా, గాజులా ఉండి పొట్టుతోపాటు రవ్వగా మిగిలిపోతుంది. అంటే పనికొచ్చే భాగాన్ని నా చేత్తోనే పారబోశాను. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు: రెండు గ్లాసుల్లో పిండినీ రవ్వనూ చెరొక చెంచా వేసి నీళ్లు పోసి అరగంట ఉంచితే, రవ్వ ఉన్న గ్లాసులో నీళ్లు స్పష్టంగా ఎక్కువ చిక్కబడతాయి. ఈ రెండు వారాల సగటు 110.

పనిచేసిన పద్ధతి, 11 నుంచి 15 వరకు:

1. మెంతులు ఏరి, ఒకపూట ఎండలో ఆరబెట్టాలి. వేయించలేదు.
2. మిక్సీని పది సెకన్లు తిప్పి అరనిమిషం ఆపుతూ పట్టాలి. ఆపకపోతే వేడెక్కి జార్ అంచుకు ముద్దకడుతుంది.
3. జల్లించకూడదు. రవ్వతో సహా గాజుసీసాలో పెట్టి రెండు వారాల్లో వాడేయాలి.
4. తూచిన 5 గ్రాములను పలుచని మజ్జిగలో కలిపి, పావుగంట నానాక, మధ్యాహ్నం, రాత్రి భోజనానికి ముందు తాగాలి. వెనకే ఒక గ్లాసు నీళ్లు తప్పనిసరి.
5. మొదటి వారం సగం మోతాదుతోనే మొదలుపెట్టాలి.

అయిదో అంశాన్ని నేను తొమ్మిదో వారంలో పాటించలేదు. మూడు రోజులు కడుపుబ్బరం, విరేచనాలు. మెంతి వాసన చెమటలో కూడా వస్తుందని చొక్కాలు ఉతికే మనిషి చెబితే తెలిసింది. నాలుగు వారాల లెక్కలో పరగడుపు సగటు 105, రాత్రి భోజనం తర్వాత సగటు 158 నుంచి 141. పరగడుపు తేడా చిన్నది, దాన్ని గట్టిగా నమ్మను. భోజనం తర్వాతి తేడా పెద్దది, పైగా జిగురు పీచు పనిచేయాల్సిన చోటే కనిపించింది కనుక దాన్ని నమ్ముతున్నాను.

ఇక్కడ రెండు కొలతల దోషాలు దొరికాయి. పదమూడో వారంలో పరగడుపు సగటు ఉన్నట్టుండి 119కి ఎగిరింది. స్ట్రిప్పుల డబ్బాను స్కూటరు డిక్కీలో పెట్టుకుని తిరుగుతున్నాను. మే నెల తిరుపతి ఎండలో ఆ డిక్కీ లోపలి వేడి 51 డిగ్రీలని థర్మామీటరు పెట్టి చూస్తే తేలింది, డబ్బా మీద 30 డిగ్రీలకు మించకూడదని రాసి ఉంది. గ్లూకోజు ఎంతుందో ముందే తెలిసిన కంట్రోల్ ద్రావణంతో పరీక్షిస్తే అంకె డబ్బా మీది హద్దు దాటింది. మిగిలిన 11 స్ట్రిప్పులు పారేసి, ఆ వారం మొత్తాన్ని లెక్క నుంచి తీసేసి, ఒక వారం అదనంగా కలిపాను.

రెండోది పదిహేనో వారంలో. చిత్తూరు నుంచి అక్క పంపిన బంగినపల్లి కాయలను పిల్లలకు కోసిచ్చి, చేతులు నీళ్లతో కడిగి గుచ్చుకుంటే 187. తినలేదు, వాసన మాత్రమే చూశాను. సబ్బుతో కడిగి మరో వేలికి గుచ్చితే 109. వేలి మీద కంటికి కనిపించని పండురసం పొర చాలు.

ఇప్పటివరకు: స్ట్రిప్పులు 155, ఖర్చు రూ. 7,150. హెచ్‌బిఎ1సి 6.0. ఆ అంకె గడిచిన రెండు, మూడు నెలల సగటును చూపుతుంది కాబట్టి అందులో మెంతులు సరిగ్గా వాడిన వారాలు సగం కూడా లేవు.

దశ 5: నేరేడు గింజలు, పొడపత్రి (16–19 వారాలు)

నేరేడు గింజల పొడి, లైసెన్సు నంబరు ఉన్న సీసా, రోజుకు రెండుసార్లు 3 గ్రాములు. పరగడుపు సగటు 109. చెప్పడానికి ఇంకేమీ లేదు. కాకరకాయ మీద జరిగిన పరీక్షలను వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్షకులు 2012లో పరిశీలించి ఆధారాలు చాలవని తేల్చారు కనుక ఆ రసం మొదలుపెట్టలేదు. కూరగా తింటూనే ఉన్నాను.

పొడపత్రి మాత్రం వేరే విధంగా ఉపయోగపడింది. దాని ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తించే భాగాలను కాసేపు మూసేస్తాయి. ఒక ఆకు నమిలి పంచదార వేసుకుంటే ఇసుక నమిలినట్టే ఉంటుంది. సాయంత్రం టీతోపాటు మిఠాయి మీదికి చేయి పోయే సమయానికి ఆకు నమలడం అలవాటు చేసుకున్నాను. తిరుమల లడ్డూ ఇంటికి వచ్చినప్పుడు మాత్రం నమలలేదు. ప్రసాదాన్ని రుచి లేకుండా తినడం నాకు మనసొప్పలేదు, చిటికెడు తిని మిగతాది పంచాను.

ఇప్పటివరకు: స్ట్రిప్పులు 179, ఖర్చు రూ. 8,380.

దశ 6: పళ్లెం, నడక, ఆ తర్వాత మెంతులు (20–27 వారాలు)

మొదటి నాలుగు వారాలు పొడి ఏదీ లేదు. మార్చినవి మూడు: రాత్రి భోజనం 8:45 నుంచి 7:15కి, వండిన అన్నం 340 గ్రాముల నుంచి 180కి, తిన్న తర్వాత అరగంట నడక. మూడూ ఒకేసారి మార్చినందువల్ల దేని పాలు ఎంతో విడదీయలేను; ఇది తెలిసే చేశాను, ఎందుకంటే చెన్నైలో నిర్వహించి 2006లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఆహారం, నడక కలిపే పరీక్షించారు. గ్లూకోజును తట్టుకునే శక్తి తగ్గిన 531 మందిని అందులో మూడేళ్లు గమనించారు. మామూలు సలహాతో సరిపెట్టుకున్నవారిలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. జీవనవిధానం మార్చుకున్నవారిలో 39.3 శాతం, మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడినవారిలో 40.5 శాతం. మన పక్క రాష్ట్రంలో, మన తిండే తినే మనుషుల మీద వచ్చిన అంకెలివి.

ఈ దశలోనూ ఒక తప్పు జరిగింది. అన్నం మానేసి రాగిసంగటి తింటే చాలనుకుని ఒక వారం రెండు ముద్దలు, తూస్తే 420 గ్రాములు తిన్నాను. రెండు గంటలకు 171. సంగటిలోనూ అన్నం ఉంటుంది, మెత్తగా ఆడించిన రాగిపిండీ త్వరగానే అరుగుతుంది. ముద్దను 180 గ్రాములకు తగ్గించి, పక్కన ఆకుకూర పప్పు పెంచితే 136.

నాలుగు వారాల సగటు: పరగడుపు 101, భోజనం తర్వాత 129. ఆదివారాలు అలిపిరి మెట్లు ఎక్కాను. 3,550 మెట్లు, నాకు మూడు గంటలు. దిగేటప్పుడు మోకాళ్లు పట్టేయడంతో రెండోసారి నుంచి బస్సులో దిగాను. సోమవారం ఉదయపు అంకెలు వరుసగా 97, 94, 99, 95.

తర్వాతి నాలుగు వారాలు ఇవన్నీ కొనసాగిస్తూ రవ్వతో కూడిన మెంతిపొడి కలిపాను: పరగడుపు 98, భోజనం తర్వాత 122. ఈ చివరి తగ్గుదలలో మెంతుల పాలు ఎంతో, అప్పటికే మూడున్నర కిలోలు తగ్గిన బరువు పాలు ఎంతో చెప్పలేను. పొడుల్లో ఒక్క మెంతులే నా పట్టికలో నిలిచాయి. కానీ అవి పెరుగు పక్కన ఊరగాయలా ఉన్నాయే తప్ప, అన్నంలా లేవు.

ముగింపు కొలతలు: బరువు 74.9, నడుము 93, హెచ్‌బిఎ1సి 5.7. ముందుస్థితి మొదలయ్యే గీత మీదే ఉన్నాను, దాని కిందికి దిగలేదు.

మొత్తం: స్ట్రిప్పులు 227, ఖర్చు రూ. 9,880. అందులో మెంతులకు అయినది 120.

మెంతులు ఎవరు అడగకుండా మొదలుపెట్టకూడదో డాక్టరుగారు చెప్పగా రాసుకున్నది: షుగరు మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు, ఆపరేషన్ తేదీ దగ్గరపడినవారు, వేరుశనగ పడనివారు. వేరుశనగ పండే జిల్లాలో ఈ చివరి మాట ముఖ్యం. రెండూ ఒకే కుటుంబపు మొక్కలు, ఒకటి పడనివారికి రెండోది కూడా పడకపోవచ్చు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు పీచును ఆ మాత్రకు దూరంగా, కొన్ని గంటల తేడాతో తీసుకోవాలి.

27వ వారం, శనివారం. అక్క ఫోను చేసింది. "ఆ చూర్ణంతో నీకు వారంలోనే దిగిందంట గదా నాయనా, మీ బావకీ ఒక సంచీ పంపీ" అంది. బావ గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర వాడుతున్నాడు, అదీ క్లోమగ్రంథిని తరిమే రకమే. తొమ్మిదో రోజు జరిగినదంతా చెప్పాను. ఇంతకాలం ఆమెకు దిగిన అంకె మాత్రమే చెప్పి, పడిపోయిన సంగతి దాచింది నేనే. ఆ సంచీలో మిగిలినది తేదీ రాసి, మూత బిగించి, అందకుండా అటక మీద పెట్టాను. బావకు ఒక నోటుపుస్తకం, స్ట్రిప్పుల డబ్బా ఒకటి రేపటి బస్సులో పంపుతున్నాను. రెండు వారాలు పరగడుపు, భోజనం తర్వాత అంకెలు రాసి, వాటిని ఆయన డాక్టరుకు చూపించాకే మెంతుల మాట ఎత్తుదామని చెప్పాను. అక్క సరేనంది.